విషమునకు గణితము

విషమనగా నేమి అని యడిగినచో మన పల్లెలలో ప్రతివారియొద్దను ఒక సమాధానము సిద్ధముగ నుండును. తేలుకొండి, త్రాచు కోఱ, ఉమ్మెత్త కాయ, ముష్టి గింజ, ఇవి విషములు. పాలు, బియ్యము, ఉప్పు, ఇవి కావు. లోకమునందలి వస్తువులను ఇట్లు రెండు వరుసలుగ నిలుపుట నిత్యవ్యవహారమునకు చాలును. వైద్యుని గడప త్రొక్కినంతనే యీ విభాగము చెడిపోవును. ముష్టి గింజను శుద్ధిచేసి ఆయుర్వేద వైద్యులు మందుగ నిచ్చుచున్నారు. త్రాగ నీరు చాలని వేళ ఉప్పు మితిమీరి తిన్న పశువు చచ్చును. విషము వస్తువునందు లేదు, మోతాదునందున్నదని ఐరోపా ఖండమున పారాసెల్సస్ అను వైద్యుడు 1538వ సంవత్సరముననే వ్రాసియుండెను. అతియైనచో అమృతమును విషమగునని మన పెద్దలును అనుచునే యుందురు.

అయితే మోతాదు అని యూరకున్న చాలదు. ఎంత మోతాదు? ఏ ప్రాణికి? ఎంత కాలము? ఎన్ని మారులు? ఈ నాలుగు ప్రశ్నలకు అంకెలతో సమాధానము చెప్పు శాస్త్రమొకటి గడచిన నూఱేండ్లలో పెరిగినది. పొలమున చల్లిన మందు, పశువునకు పొడిచిన మందు, కార్ఖానా విడిచిన మురుగు, ఇవి చెఱువునందలి చేపను, చెట్టుమీది పక్షిని, మట్టిలోని వానపామును ఏమి చేయునో ముందుగనే లెక్కగట్టుట దాని పని. ఇల్లు కట్టకముందు మేస్త్రీ నేలమీద ముగ్గు పోసి గదులను చూపునట్లు, ప్రకృతిలో జరుగబోవుదానిని కాగితముమీద అంకెలతో గీసి చూపుదురు గనుక దీనిని గణిత నమూనా యందురు. పేరు పెద్దది. కాని శాతములు, చక్రవడ్డీ, భిన్నముల హెచ్చవేత తెలిసినవారికి దీని మొదటి మెట్లు అందని యెత్తున లేవు. ఆ మెట్లు ఎక్కి, తుదకు మన యాకాశమునుండి రాబందులు మాయమైన కథకు ఈ లెక్క యెట్లు పనికివచ్చెనో చెప్పెదను.

మొదటి మెట్టు గాజుగిన్నెలతో నారంభమగును. చెఱువులలోను కుంటలలోను డాఫ్నియా అను మిక్కిలి చిన్న ప్రాణి కలదు. ఆవగింజంత యుండును, రొయ్యకు దూరపు చుట్టము, పచ్చని పాచిని తిని బ్రదుకును, నీటిలో గెంతుచు ఈదును, చేపపిల్లలకు ఆహారమగును. ఒక రసాయనము నీటిప్రాణులకు ఎంత హానికరమో తెలిసికొనుటకు పెక్కు దేశములలో మొదట దీనినే పరీక్షింతురు. పుట్టి ఒక దినము నిండని పిల్లలను మందు కలిపిన నీటిలో 48 గంటలుంచి, కదలలేనివి ఎన్నియో లెక్కింతురు. మన లెక్క సులభమగుటకు కదలనివి చచ్చినవనియే యనుకొందము.

ఇక చెప్పబోవు అంకెలు నేర్చుకొనుటకై కల్పించినవి; ఏ మందునకును చెందినవి కావు. ఆఱు గిన్నెలు తీసికొందము. ఒక్కొక్కదానిలో 20 పురుగులు. మొదటి గిన్నెలో ఉత్త నీరు. తక్కిన అయిదింటిలో మందు వరుసగ 1, 2, 4, 8, 16 పాళ్లు. మోతాదును ఒకటొకటిగ పెంచక రెట్టింపు చేయుచు పోవుటకు కారణము కలదు. ప్రాణి శరీరము తేడాను కూడికతో గాక హెచ్చవేతతో గుర్తించును. ఒక పాలు రెండు పాళ్లగుటను, ఎనిమిది పాళ్లు పదియాఱగుటను శరీరము ఇంచుమించు ఒకే దూరముగ నెంచును. ఇట్టి రెట్టింపులను సమదూరములుగ మార్చి చూపు అంకెలకే సంవర్గమానములని పేరు. పాఠశాలలో పిల్లలు వానిని విసుగుతో వల్లించుదురు. దేనికి పనికివచ్చునో వారికి చెప్పువారు తక్కువ.

రెండు దినములు గడచినవి. ఉత్త నీటిలో 2 చచ్చినవి. 1 పాలు మందులో 2, 2 పాళ్లలో 5, 4 పాళ్లలో 11, 8 పాళ్లలో 17, 16 పాళ్లలో మొత్తము 20 చచ్చినవి. ఇక్కడ తొందరపడువాడు నాలుగు పాళ్ల మందు నూటికి 55 చంపెనని వ్రాసికొనును. ఉత్త నీటిలోనే నూటికి 10 చచ్చినవిగదా! ఆ పాపము మందుది కాదు. కావున మందు చేతికి చిక్కినవి నూఱు కాదు, తొంబది మాత్రమే. 55 నుండి 10 తీసివేయగ మందు చంపినవి 45. తొంబదింట నలుబదియైదు, అనగా సరిగా సగము. అట్లే 2 పాళ్ల గిన్నెకు 90లో 15, అనగా ఆఱవ వంతు. 8 పాళ్ల గిన్నెకు 90లో 75, అనగా ఆఱింట అయిదు వంతులు. 1 పాలు గిన్నెకు సున్న. ఈ సవరణను అమెరికా దేశపు కీటక శాస్త్రజ్ఞుడగు ఆబట్ అను నతడు 1925లో ప్రకటించెను. నేటికిని దానిని వాడుచున్నారు.

చిన్న సంగతిగ తోచును. కాని మందు లేని గిన్నెను ప్రక్కన పెట్టని పరీక్షను నేను పరీక్ష యననే యనను. ఊరిలో మందు కొట్టిన మఱునాడు నాలుగు కోళ్లు చచ్చినచో మందే కారణమని ఒకరు, కొక్కెర తెగులని ఇంకొకరు రచ్చబండమీద వాదులాడుదురు. మందు కొట్టని ప్రక్క యూరిలో ఆ దినమున ఎన్ని కోళ్లు చచ్చినవని అడిగినవాడే ఆ తగవు తీర్పగలడు.

మన గిన్నెల అంకెలను కాగితముమీద గుర్తించి గీత గీసినచో అది చెఱువుగట్టు వాలువలె నుండును. క్రింద కొంతదూరము చదును, తరువాత ఎక్కుడు, పైన మరల చదును. ఒక మోతాదు దాటినంతనే అన్నియు ఒక్కసారి చావక యిట్లు వాలుగ నుండుటకు హేతువేమి? ఒక్క యీతలో పుట్టిన పిల్లలైనను ఓర్పు ఒక్కతీరున నుండదు. కొన్ని మెత్తనివి, కొన్ని మొండివి, అధికభాగము నడిమివి. పూర్వపు శాస్త్రజ్ఞులు చంపుటకు చాలిన అత్యల్ప మోతాదును వెదకుచుండిరి. అది గుంపులో మిక్కిలి బలహీనమైన ప్రాణిమీద నాధారపడును గనుక పరీక్ష పరీక్షకు మారిపోవుచుండెను. నడిమిది నిలుకడ గలది. అందుచేత గుంపులో సగమును చంపు మోతాదునే కొలతగ నుంచుకొనవలెనని ఇంగ్లండు దేశస్థుడగు ట్రెవన్ 1927లో చూపెను. మన గిన్నెలలో ఆ కొలత 4 పాళ్లు. 1934లో అమెరికావాడగు బ్లిస్ ఆ వాలుగీతను సరళరేఖగ మార్చు ప్రాబిట్ అను కొలతను ప్రవేశపెట్టెను. సరళరేఖ దొరికినచో బద్ద పెట్టి ఏ మోతాదునకు ఎన్ని చచ్చునో చదువుకొనవచ్చును.

ఈ సగము చంపు మోతాదును మీరెల్లరు చూచియే యున్నారు, అంకెగా గాక రంగుగా. మన దేశమున పురుగుమందు డబ్బామీద మూలకు నిలిపిన చతురమొకటి యుండును. దాని క్రింది సగమున రంగు వేసియుందురు. ప్రయోగజంతువులకు నోటిద్వారా ఇచ్చినప్పుడు సగమును చంపు మోతాదు, దేహపు బరువు కిలోకు 1 నుండి 50 మిల్లీగ్రాములైనచో ఎఱుపు, 51 నుండి 500 అయినచో పసుపు, 501 నుండి 5,000 అయినచో నీలము, అంతకు మించినచో ఆకుపచ్చ. ఎఱుపు డబ్బా తాకుటకు వెనుదీయువాడు ఆకుపచ్చ డబ్బాను నిశ్చింతగ చేతబట్టును. అయితే ఆ రంగు రెండు సంగతులను చెప్పదు. మొదటిది గట్టుయొక్క వాలు. రెండు మందులకు నడిమి కొలత ఒక్కటియే యైనను, ఒకదాని గట్టు నిటారుగ, మఱియొకదాని గట్టు ఏటవాలుగ నుండవచ్చును. ఏటవాలు మందు మిక్కిలి తక్కువ మోతాదునకే గుంపులోని మెత్తనివానిని కబళింప మొదలిడును. మన గిన్నెలలోనే సగము చంపు మోతాదును సగము చేసినను ఆఱవ వంతు చచ్చినవి, చూచితిరిగదా. రెండవది, ఆ రంగు ఎలుకవంటి జంతువుల మాట. చేప మాట కాదు, తేనెటీగ మాట కాదు. సైపర్‌మెథ్రిన్ వంటి మందులు పశువులకంటె చేపలకు, రొయ్యలకు ఎన్నియో రెట్లు కఠినములు. చేలో మందు పిచికారి చేసిన యంత్రమును రొయ్యల చెఱువు కాలువలో కడుగుట ఎంత సాహసమో దీనివలన తెలియును.

రెండవ మెట్టు కాలము. అడుగున కన్నమున్న కుండ నొకదానిని తలచుకొనుడు. పగలు 10 చెంబుల నీరు పోయుదుము. రాత్రి తెల్లవాఱునప్పటికి అందున్న నీటిలో సగము కాఱిపోవును. మొదటి సాయంకాలము 10 చెంబులు, తెల్లవాఱ 5. రెండవ సాయంకాలము 15. మూడవనాడు పదునేడున్నర. నాలుగవనాడు పదునెనిమిదిముప్పావు. ఏడాది పొడవున పోసినను 20 చెంబులు దాటవు, ఏలయనగా ఇరువదిలో సగము కాఱినచో పోయునది పది, పోవునది పది. ఇక కన్నము చిన్నదై రాత్రికి పదవ వంతు మాత్రమే కాఱుననుకొనుడు. పోయునది అదే పది చెంబులు. నీరు ఈ మారు నూఱు చెంబులవఱకు పోవును. కుండ శరీరము. పోయునది విషము. కన్నము కాలేయము, మూత్రపిండములు, చేపకు మొప్పలు. దినదినము లోనికి పోవు పాలెంత యని యడుగువారు పెక్కుమంది. కన్నమెంత యని యడుగువారే తక్కువ. డి.డి.టి. క్రొవ్వులో దాగును, దాని కన్నము సూదిబెజ్జము. ఆ కారణముచేత బ్రిటనులోని డేగలు చావకయే చెడినవి. వాని గ్రుడ్ల పెంకులు పలుచనై గూటిలోనే చితికిపోవుచున్నవని రాట్‌క్లిఫ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1967లో కనుగొనెను. చావు ఒక్కటియే లెక్కకు వచ్చునది కాదని ఆ డేగలు నేర్పినవి.

కుండలో నీరు ఒక గుర్తు దాటినప్పుడు ప్రాణమునకు గండము. ఇక్కడ శాస్త్రజ్ఞులలో రెండు మతములు గలవు, రెండును వినదగినవే. సగము చంపు మోతాదునుండి బ్రదికి బయటపడిన ప్రాణులున్నవిగదా. అవి మొండివా, అదృష్టవంతములా? మొండివైనచో, అదే మోతాదును కోలుకొనిన పిమ్మట మరల నిచ్చినను ఒక్కటియు చావరాదు, మెత్తనివన్నియు మొదటనే పోయినవి గనుక. అదృష్టముచే బ్రదికినవైనచో, రెండవ మారు మిగిలినవానిలో మరల సగము పోవలెను, పాచికలు మరల వేసినట్లే. నిజము సాధారణముగ ఈ రెంటి నడుమ నుండును. ఈ రెండు మతములను ఒక్క చట్రమున నిమిడ్చిన నమూనా నొకదానిని 2011లో ఐరోపా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దానికి గట్స్ అని పొట్టిపేరు. పురుగుమందులు నీటిప్రాణులకు చేయు హానిని పరిశీలించుటకు అది పనికివచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో అభిప్రాయపడెను.

పాచికల లెక్కలో ఒక నియమము నేర్చుకొనవలెను. చచ్చినవానిని కూడరాదు, బ్రదికినవానిని హెచ్చవేయవలెను. ఒక మందు నూటికి 30 చంపును, వేఱు విధమున పనిచేయు మఱియొక మందు నూటికి 40 చంపును. రెండును కలిపి కొట్టినచో 70 చచ్చునా? మొదటిదానికి తప్పించుకొనినవి 70. ఆ డెబ్బదిలో రెండవదానికి తప్పించుకొనునవి నూటికి 60 చొప్పున 42. అనగా చచ్చినవి 58. ఒకే విధమున పనిచేయు మందులకు ఈ లెక్క చెల్లదు. వానిని ఒకే మందు మోతాదు పెంచినట్లు లెక్కింపవలెను. వేఱువేఱు మందుల లెక్కను 1939లో విడమరచి చెప్పినవాడును ఆ బ్లిస్సే. ఈ హెచ్చవేతను గుర్తుంచుకొనుడు. రాబందుల కథ అంతయు దీనిమీదనే నడచును.

జటాయువు జాతియని మనము గౌరవించు రాబందు ఊరివెలుపల పశువుల కళేబరమును గంటలలో ఎముకల గూడుగ చేసి పోవు దృశ్యమును పెద్దలలో అనేకులు చూచియుందురు. 1990 దశకమున రాజస్థానములోని భరత్‌పూర్ అభయారణ్యమున రాబందులు తగ్గిపోవుచున్నవని విభు ప్రకాశ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు గమనించెను. పిమ్మట ఉత్తర భారతమంతటను, నేపాళమునను, పాకిస్తానమునను అదే వార్త. మెడ వ్రేలవేసి కొమ్మలమీద కూర్చుండి, కూర్చున్నవి కూర్చున్నట్లే క్రిందపడి చచ్చుచుండెను. అంటురోగమని తొలుత పెక్కుమంది యనుకొనిరి. 2004లో లిండ్సే ఓక్స్ అను అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పాకిస్తానమున చచ్చిన పక్షులను కోసి చూచి కారణము వెల్లడించిరి. మూత్రపిండములు చెడి, లోపలి అవయవములమీద యూరిక్ ఆమ్లము తెల్లని సున్నపుపొడివలె పేరుకొనియుండెను. అట్టి పక్షులన్నింటియందును పశువుల నొప్పికి, వాపునకు వాడు డైక్లోఫెనాక్ అను మందు కనబడెను. తెల్లవీపు రాబందులలో సగమును చంపుటకు కిలో బరువునకు మిల్లీగ్రాములో ఇంచుమించు పదవ వంతునుండి అయిదవ వంతునకు కొంచెము మించినవఱకు చాలును. అయిదు కిలోల పక్షికి అరమిల్లీగ్రాము మొదలు ఒకటికి కొంచెము పైన. మనుష్యులు మోకాలి నొప్పికి మ్రింగు ఒక్క మాత్రలో 50 మిల్లీగ్రాములుండును. పశువునకు మేలు చేయునది, మనుష్యునకు ఉపశాంతి నిచ్చునది, ఆ పక్షికి కాలకూటము!

అప్పుడొక సందేహము పుట్టెను. అది న్యాయమైన సందేహమే. చచ్చు పశువులలో ఎన్నింటికి ఈ మందు పొడిచియుందురు? బహు కొలదింటికి. ఏవో కొన్ని కళేబరములవలన దేశమంతటి పక్షులు ఎట్లు నశించును? వాదముచేత తెగని యీ ప్రశ్నను లెక్క తెగగొట్టెను. ఆ లెక్కను సులభపఱచి మీ ముందుంచెదను. రాబందు ఇంచుమించు మూడు దినముల కొకసారి కడుపునిండ తినును. ఏడాదికి 120 భోజనములు. 200 కళేబరములలో ఒక్కదానియందు మాత్రమే చంపుటకు చాలినంత మందు కలదనుకొనుడు. వేయి రాబందులున్నవి. మొదటి భోజనమునకు 5 పోవును, 995 మిగులును. రెండవ భోజనమునకు మిగిలినవానిలో మరల రెండువందలవ వంతు పోవును. చక్రవడ్డీని తలక్రిందులు చేసినట్లు, ఇది తరుగుచక్రము. ప్రతి భోజనమునకు 200లో 199 చొప్పున 120 మారులు హెచ్చవేయగ ఏడాది చివర మిగులునవి 548. నూటికి 45 పోయినవి. మూడేండ్లకు మిగులునవి 165. పదియేండ్లకు రెండో మూడో. ఇట పుట్టుకలను, సహజమరణములను నేను విడిచితిని. కలిపినను ఫలితము మిక్కిలి మారదు, ఏలయనగా రాబందు జంట ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును, పిల్ల పెరిగి తాను గ్రుడ్డుపెట్టు నీడునకు వచ్చుటకు అయిదేండ్లు పట్టును. ఒక్క యీతకు లక్షలకొలది గ్రుడ్లు పెట్టు చేపకు ఏడాదికి సగము పోయినను నష్టము పూడవచ్చును. దీనికి పూడదు.

కేంబ్రిడ్జిలోని రీస్ గ్రీన్ మున్నగువారు 2004లో ఈ లెక్కనే పుట్టుకలను, వయస్సులను, భోజనముల నడిమి వ్యవధిని చేర్చి నిర్దుష్టముగ చేసిరి. 130 కళేబరములకు ఒకటి మొదలు 760 కళేబరములకు ఒకటివఱకు విషమయమైనను చూచిన వేగముతో రాబందులు నశించునని తేలెను. పిమ్మట 2004, 2005 సంవత్సరములలో మన దేశపు పలు రాష్ట్రములలో 1,848 పశుకళేబరముల కాలేయములను పరీక్షింపగా నూటికి 10 కొంచెము మించి వానియందు ఆ మందు జాడ కనబడెను. అన్నియు ప్రాణాంతకములు కావు; అయినను కావలసినదానికంటె ఎంతయో హెచ్చు. త్రోవల వెంబడి పక్షులను లెక్కించిన విభు ప్రకాశ్ బృందము 2000, 2007 సంవత్సరముల నడుమ తెల్లవీపు రాబందు సగటున ఏటికి నూటికి 44 చొప్పున తగ్గినదనియు, 1992లో వేయి యున్నచోట 2007 నాటికి ఒక్కటి మిగిలినదనియు తెలిపెను. కాగితముమీది 45, త్రోవమీది 44.

ఈ అంకెలు ఇట్లు కలిసినంతనే నమూనాను వేదవాక్యముగ గొనరాదు. నేను రెండువందల కొకటి యని ఎంచుకొనుటచేతనే అవి యింత దగ్గరకు వచ్చినవి. మూడువందల కొకటి యనినచో వేఱు అంకె వచ్చును. పక్షిని చంపినది డైక్లోఫెనాక్ అని నిరూపించినది కత్తి పట్టి కళేబరమును కోసినవారు, ఆ మందు తిన్న పశుమాంసమును పక్షులకు పెట్టి చూచినవారు. అంత చిన్న పాలు అంత పెద్ద నాశమునకు చాలునా యను సందేహమును తీర్చుట నమూనా చేసిన పని. సాక్షి వేఱు, లెక్క చూచువాడు వేఱు. ఇద్దఱును లేక వ్యాజ్యము తెగదు. ఈ విద్య నేర్వగోరు మీ మనుమలకు నేను చెప్పునది, మొదట గిన్నెల లెక్కను, కుండ లెక్కను, తరుగుచక్రమును చేతితో వేయుడని. ఆ మీదట ఆర్ అను ఉచిత గణనసాధనమున్నది. చెఱువుగట్టు గీతలను క్షణములో గీయును. చేతిలెక్క రానివానికి ఆ యంత్రము ఏ తప్పు చెప్పినను ఒప్పుగనే కనబడును.

లెక్క తేలిన పిమ్మట పని త్వరగానే సాగెను. పశువులకై డైక్లోఫెనాక్ తయారుచేయుటను భారత ప్రభుత్వము 2006లో నిషేధించెను. ఆ యేటనే మెలోక్సికామ్ అను నొప్పిమందు రాబందులకు హాని చేయదని పరీక్షలు తేల్చినవి. మనుష్యులకని అమ్ము పెద్ద బుడ్లను పశువులకు పొడుచుచుండుటచేత, 2015లో ఆ మందును ఒక్కరికి చాలునంత 3 మిల్లీలీటర్ల చిన్న బుడ్లలోనే అమ్మవలెనని నిర్ణయించిరి. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మఱి రెండు మందులు పశువుల విషయమున నిషేధింపబడినవి. ఎసిక్లోఫెనాక్ పశుదేహమున డైక్లోఫెనాక్‌గనే మారును.

ఇచ్చట కుండ లెక్క మరల వచ్చును. ఆవు రక్తమున డైక్లోఫెనాక్ సుమారు 12 గంటలకు సగమగును. ఒక దినమునకు నాలుగవ వంతు, రెండు దినములకు పదియాఱవ వంతు, మూడు దినములకు అఱువదినాలుగవ వంతు. మేక దేహమున సుమారు మూడు గంటలకే సగమగును. కావున మందు పుచ్చుకొని వారము గడచి చచ్చిన పశువు ఒకటి. పొడిచిన రాత్రియే చచ్చిన పశువు వేఱొకటి. ప్రాణము మీదికి వచ్చినప్పుడే నొప్పిమందు పొడిపించుట మన యలవాటు గనుక రెండవ రకమే హెచ్చు. పశువునకు సూది వేయించినప్పుడు మందు పేరు, తేదీ గోడమీద బొగ్గుతోనైనను వ్రాసియుంచినచో, అది చచ్చినప్పుడు బయట పడవేయవలెనో పూడ్చవలెనో నిర్ణయించుటకు వేఱు శాస్త్రజ్ఞుడక్కఱలేదు.

రాబందులు పోయిన చోట కళేబరములు క్రుళ్లెను, కుక్కలు పెరిగెను. ఈయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిన గణనమున, 2000 మొదలు 2005 వఱకు రాబందుల లేమివలన మన దేశమున సుమారు 5 లక్షల మనుష్యులు అదనముగ చనిపోయిరని అంచనా కట్టిరి. ఇదియును నమూనాయే. రాబందులు పూర్వమున్న జిల్లాలను, లేని జిల్లాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. ఉత్త నీటి గిన్నె వంటిది వారికిని కావలసి వచ్చినది.

తెలంగాణమున కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని పాలరాపు గుట్టమీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో కనబడినవి. అట్టి చిన్న గుంపులు మరల పెరుగుటకు ఎంతకాలము పట్టును? ఈ లెక్కయు మనమే వేయవచ్చును. వేయింట ఒక్కటి మిగిలిన జాతి మరల వేయి కావలెనన్న పది మారులు రెట్టింపు కావలెను. ఏటికి నూటికి 5 చొప్పున పెరుగుననుకొన్నను, అది నెమ్మదిగ పెరుగు పక్షికి మంచి పెరుగుదలయే, ఒక్కొక్క రెట్టింపునకు 14 ఏండ్లు. పదింటికి 140 ఏండ్లు. అదియు ఒక్క కళేబరమునందైనను విషము లేనప్పటి మాట. వేయి కళేబరములకు ఒక్కటి విషమయమైనచో 120 భోజనములకు నూటికి 11 పోవును; అయిదు పెరిగి పదునొకండు తఱుగు గుంపు తఱుగుచునే యుండును. పెరుగుట, తఱుగుట సరిసమానమై గుంపు ఉన్నచోటనే నిలుచుటకు ఏటికి నూటికి 5కు మించి పోరాదు. 120ని అయిదు శాతముతో భాగించి చూడుడు. 2,400 కళేబరములకు ఒకటి.